డబ్బాకి చావు లేదు

మన ఇళ్ళల్లో మనుషులకి ముసలితనం వస్తుంది గానీ డబ్బాలకి రాదు. హార్లిక్స్ సీసా ఖాళీ అయిన పూటే కందిపప్పుకి కొత్త ఇల్లు దొరుకుతుంది. దీపావళికి ఎవరో ఇచ్చిన బిస్కట్ల డబ్బాలో బిస్కట్లు వారం రోజులుంటే, సూదులూ దారాలూ హుక్కులూ ముప్పై ఏళ్ళుంటాయి. ఒకప్పుడు డాల్డా డబ్బాలో తులసి మొక్క లేని పెరడు ఉండేది కాదు. "ఈ చెత్తంతా ఎందుకు దాస్తావు?" అని విసుక్కునే మగవారే, మేకులు దాచుకోవలసి వచ్చేసరికి వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "ఖాళీ డబ్బా ఏమైనా ఉందా?" అని మెల్లిగా అడుగుతారు. ఉంటుంది. ఎందుకుండదూ?

నేను బి.ఏ.లో చరిత్ర చదువుకున్నాను. రాజులొచ్చారు, యుద్ధాలొచ్చాయి, సంధులొచ్చాయి, పరీక్షలొచ్చాయి. డబ్బా మాత్రం ఎక్కడా రాలేదు. తర్వాత సరదాగా చదువుకునే రోజుల్లో, మోటారుసైకిళ్ళ మీద ఖండాలు దాటినవాళ్ళ కథలు చేతికొచ్చాయి. వాటిల్లో నన్ను పట్టుకున్నది ఇంజను కాదు, సామాను. బండి ఏదో కంపెనీ చేసి అమ్ముతుంది. కానీ నెలల తరబడి రోడ్డు మీద ఉండే మనిషికి బట్టలు, మందులు, పనిముట్లు, నాలుగు గింజలూ పెట్టుకునే గట్టి పెట్టె ఎక్కడిది? చాలామంది తమ పెట్టె తామే చేసుకున్నారు. ఏ నూనె డబ్బానో, ఏ తుపాకి గుళ్ళ పెట్టెనో తెచ్చి, కోసి, మూతపెట్టి, బండికి రెండు పక్కలా బిగించుకున్నారు. మన వంటింటి బుద్ధి ప్రపంచం చుట్టి వచ్చిందన్నమాట!

అసలు రెండు పక్కలా ఎందుకు? ఆ జవాబు మోటారుసైకిలు కన్నా చాలా పాతది. బరువు ఒక పక్కనే ఉంటే మనిషైనా ఒరుగుతాడు, ఎద్దయినా ఒరుగుతుంది. అందుకే కావడికి రెండు కుండలు. ఎద్దు వీపు మీద అటూ ఇటూ వేలాడే గోనెని మనవాళ్ళు పెరిక అన్నారు. అది మోసే ఎద్దు పెరికెద్దు. లంబాడీలు ఉప్పూ ధాన్యమూ దేశమంతా తిప్పింది అలా ఎద్దుల వీపుల మీదే. ఇంగ్లీషువాళ్ళు బండి పక్కన వేలాడే పెట్టెని 'పానియర్' అంటారు. ఆ మాటకి లాటిన్ మూలం వెతికితే రొట్టెల గంప దగ్గర తేలుతుంది. ఎవరి భాషలో చూసినా ఈ కథ తిండి దగ్గరే మొదలవుతోంది, చూశారా!

ఇక రేకు డబ్బా సంగతి. మన నాయనమ్మల కాలంలో కిరసనాయిలు డబ్బా అంటే ఇంటికో ఆస్తి. 19వ శతాబ్దం చివర్లో అమెరికా నుంచి రాక్‌ఫెల్లర్ గారి స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ కిరసనాయిలుని నీలం రంగు రేకు డబ్బాల్లో పోసి, చెక్కపెట్టెకి రెండేసి చొప్పున సర్ది ఆసియా దేశాలకి పంపేది. లండన్ వర్తకుడు మార్కస్ శామ్యూల్‌కి ఇది దండగ ఖర్చు అనిపించింది. డబ్బాలూ చెక్కపెట్టెలూ ఎందుకు, ఓడ కడుపులోనే నూనె పోసి తీసుకుపోతే ఎంత చవక! 'మ్యూరెక్స్' అనే ఓడ కట్టించాడు. 1892 ఆగస్టులో అది నల్లసముద్రపు ఒడ్డునున్న బతూమి రేవు నూనెతో సూయజ్ కాలువ దాటింది. నూనె చవక కాబట్టి జనం ఎవరి గిన్నెలు వాళ్ళు తెచ్చుకుని ఎగబడతారని శామ్యూల్ లెక్క.

ఎగబడలేదు. నూనె చవకే, బాగానే ఉంది. మరి డబ్బా ఏదీ?

తూర్పుదేశాల ఇల్లాలికి ఆ నూనె ఎంత ముఖ్యమో, అది అయిపోయాక మిగిలే రేకు అంత ముఖ్యం. దానితో ఇంటికప్పు వేసుకునేవారు, పక్షుల పంజరాలు చేసుకునేవారు, కుంపట్లు, టీ వడపోసుకునే జల్లెళ్ళు చేసుకునేవారు. లండన్‌లో కూర్చున్న పెద్దమనిషికి ఈ లెక్క తట్టలేదు. చివరికి రేకులు ఓడకెత్తి తూర్పుకి పంపి, అక్కడే డబ్బాలు చేయించవలసి వచ్చింది. శామ్యూల్ డబ్బాకి ఎర్ర రంగు వేయించాడు. సగం భూగోళం తిరిగొచ్చేసరికి సొట్టలుపడి, తుప్పుపట్టి ఉండే నీలం డబ్బా పక్కన, అప్పుడే చేసిన ఎర్ర డబ్బా పెళ్ళికూతురిలా మెరిసిపోయేది. దాంతో అమ్మకాలు ఊపందుకున్నాయి. ఇంకో తమాషా ఏమిటంటే, ఈ శామ్యూల్ తండ్రి గవ్వలు అతికించిన చిన్న చిన్న పెట్టెలు అమ్మిన వ్యాపారి. 1897లో కొడుకు పెట్టిన కంపెనీ పేరు 'షెల్'. అంతపెద్ద చమురు కంపెనీ పేరు వెనకాల ఉన్నది ఆడపిల్లలు పిన్నులు దాచుకునేలాంటి గవ్వల పెట్టె!

ఇప్పుడు మోటారుసైకిళ్ళకి వద్దాం. 1934 డిసెంబరు 11న లండన్ నుంచి ఇద్దరు యువతులు ఆఫ్రికా కొసనున్న కేప్‌టౌన్‌కి బయలుదేరారు. ఒకామె థెరెసా వాలక్, రెండో ఆమె ఫ్లోరెన్స్ బ్లెంకిరన్. బండి పాంథర్, 600 సి.సి. దానికి పక్కన సైడ్‌కారు, వెనకాల సామాను ట్రైలరు. ఊహించండి, సహారా ఇసుకలో ఒక మోటారుసైకిలు ఇంత సంసారాన్ని ఈడ్చుకుంటూ పోవడం! ఇసుకలో దిగబడినప్పుడల్లా దిగి తోసుకున్నారు. దారిలో ఇంజను చెడితే విప్పి బాగుచేసుకున్నారు. 1935 జూలై 29న కేప్‌టౌన్ చేరారు. ఆడవాళ్ళు సామాను ఎక్కువ మోస్తారని మనకో అపవాదు ఉంది కదా. ఆ సామానే లేకపోతే ఎడారి దాటి ఉండేవారు కారు. రెండో ప్రపంచ యుద్ధంలో వాలక్ బ్రిటిష్ సైన్యంలో మోటారుసైకిలు మీద ఉత్తరాలు మోసే ఉద్యోగం చేసింది. తర్వాత అమెరికా వెళ్ళి, బండి నడపడం నేర్పే బడి పెట్టింది.

ఆ యుద్ధమే డబ్బా చరిత్రని మలుపు తిప్పింది. ఉత్తర ఆఫ్రికా ఎడారిలో బ్రిటిష్ సైన్యం పెట్రోలుని 4 గాలన్ల పలచటి రేకు డబ్బాల్లో మోసేది. 4 గాలన్లంటే మన లెక్కలో 18 లీటర్లు. అతుకులు ఊడి, కుదుపులకి చిల్లులు పడి, దారిలోనే మూడో వంతు దాకా కారిపోయేదని ఆనాటి సేనాధిపతులే వాపోయారు. సిపాయిలు వాటికి 'ఫ్లిమ్సీ' అని పేరు పెట్టారు. పీలడబ్బా అనుకోండి. అయితే సిపాయిల్లో మాత్రం వంటింటి బుద్ధి లేదా? ఖాళీ డబ్బా సగానికి కోసి, ఇసుక నింపి, పెట్రోలు పోసి వెలిగిస్తే పొయ్యి. పైన ఇంకో సగం డబ్బాలో నీళ్ళు మరిగిస్తే టీ. నూనె మొయ్యడానికి పనికిరాని డబ్బా టీ కాయడానికి పనికొచ్చింది.

శత్రువుల దగ్గర మాత్రం కారని డబ్బా ఉంది. 1937లో జర్మనీలో రూపుదిద్దుకున్న 20 లీటర్ల ఉక్కు డబ్బా అది. రెండు సగాలు అచ్చొత్తి, అంచులు కలిపి అతికినది. పైన ఒకటి కాదు, మూడు చేతిపిడులు. నిండు డబ్బాని ఇద్దరు చెరొక పిడీ పట్టుకుని మోయవచ్చు. ఖాళీవైతే ఒక్కడే ఒక చేత్తో రెండు పట్టుకుపోవచ్చు. లోపల కొంచెం గాలి నిలిచే చోటు వదిలారు కనుక నీళ్ళలో పడ్డా తేలుతుంది. మూతకి మీట. గరిటె లేకుండా, పాన లేకుండా నొక్కితే బిగుస్తుంది. మూతల బాధ తెలిసిన మనిషెవరో దగ్గరుండి చేయించారా అనిపిస్తుంది. జర్మన్లని 'జెర్రీ'లని ఎగతాళిచేసే ఇంగ్లీషు సిపాయిలు దీన్ని 'జెర్రీకాన్' అన్నారు. పేరు ఎగతాళిదే గానీ, చేతికి దొరికితే మాత్రం వదిలేవారు కాదు.

ఆ డబ్బా సంగతి అమెరికాకి తెలిసిన కథలో మన దేశం కూడా ఉంది. 1939 వేసవిలో పాల్ ప్లైస్ అనే అమెరికన్ ఇంజనీరు, బెర్లిన్‌లో పనిచేస్తూ, ఒక జర్మన్ స్నేహితుడితో కలిసి కారులో ఇండియా చూసి రావాలనుకున్నాడు. ఇద్దరూ ఒక కారు చట్రం కొని, పైభాగం తామే కట్టుకున్నారు. అన్నీ సర్దాక మంచినీళ్ళు ఎందులో మోయాలన్నది గుర్తొచ్చింది. (ప్రయాణాల్లో మగవాళ్ళకి ఇది ఆఖరునే గుర్తొస్తుంది.) స్నేహితుడు టెంపెల్‌హాఫ్ విమానాశ్రయంలో వేలకొద్దీ పేర్చిన ఈ సైనిక డబ్బాల్లోంచి మూడు తెచ్చి కారు అడుగున బిగించాడు. పెట్రోలు కోసం, యుద్ధం కోసం దాచిన డబ్బాలు ఇద్దరు యాత్రికుల దాహానికి కాపలాకాస్తూ పదకొండు సరిహద్దులు దాటి ఇండియాలోకి వచ్చాయి. సగం దారిలో జర్మనీ ప్రభుత్వం విమానం పంపి ఆ స్నేహితుణ్ణి వెనక్కి పిలిపించుకుందని చెబుతారు. వెళ్ళేముందు అతను డబ్బా తయారీ కొలతలన్నీ ప్లైస్ చేతిలో పెట్టాడు. ప్లైస్ ఒక్కడే కలకత్తా దాకా వెళ్ళి, కారు అక్కడ ఉంచి ఇంటికి పోయాడు. అమెరికాలో చెబితే మొదట ఎవరూ చెవినిపెట్టలేదు. 1940లో కారునే తెప్పించి చూపించినా పెద్దగా ఉత్సాహపడలేదు. డబ్బా గురించి ఎవరు వింటారు చెప్పండి! చివరికి ఎడారిలో కారిపోయిన పెట్రోలు లెక్కలు చూసుకున్నాక కళ్ళు తెరిచారు. ఐరోపాలో యుద్ధం ముగిసేనాటికి మిత్రరాజ్యాల డబ్బాలు 2 కోట్ల 10 లక్షలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయట.

యుద్ధం అయిపోయింది, డబ్బాలు మిగిలాయి. ఇంక చెప్పాలా? సైన్యం అమ్మేసిన సరుకు పాతసామాన్ల కొట్లలోకి వచ్చింది. జెర్రీకాన్లే కాదు, మూతకి రబ్బరు పట్టీ ఉండి, వానచుక్క చొరబడని తుపాకి గుళ్ళ ఉక్కుపెట్టెలు కూడా వచ్చాయి. దూరాలు పోయే మోటారుసైకిళ్ళవాళ్ళు వీటిని కొనుక్కుని బండికి తగిలించుకోవడం మొదలుపెట్టారు. జెర్రీకానుకైతే ఒక పక్క గోడ కోసి, దాన్నే తలుపుగా కీలు మీద బిగిస్తే బీరువా తయారు. సాయంత్రం మకాం దగ్గర ఆ తలుపు కిందికి వాలిస్తే టీ పెట్టుకునే బల్ల.

ఇదంతా పుస్తకాల్లో చదివిందే అనుకునేరు. నా కళ్ళతో చూశాను కూడా. మా మేనల్లుడు లడఖ్ వెళ్ళే ముందు పాత ఇనుము కొట్టులో రెండు జెర్రీకాన్లు కొని మా వీధి చివరి వెల్డింగు షాపులో వేయించాడు. నేను కూరలకి వెళ్ళినప్పుడల్లా ఆగి చూసేదాన్ని. ఆ షాపతను మొట్టమొదట చేసిన పని డబ్బాల్లో నీళ్ళు నింపడం. "ఖాళీ డబ్బానే ప్రమాదం అమ్మా. పెట్రోలు పోయినా దాని ఆవిరి పోదు. నిప్పురవ్వ తగిలితే పేలుద్ది" అన్నాడు. కడిగి, నీళ్ళు నింపి, అప్పుడు గాని రేకు మీద రంపం పెట్టలేదు. ఇంకో సంగతి కూడా చెప్పాడు. బరువు మోసేది డబ్బా కాదట, దాని వెనకాల బండికి బిగించిన ఇనుప చట్రం. అది బలంగా లేకపోతే ఎంత మంచి పెట్టయినా గతుకుల రోడ్డు మీద బోల్టుల దగ్గర చిరిగి ఊడిపోతుందట. సైలెన్సరు పక్కనున్న పెట్టెకి కాస్త ఎడం ఉంచాలి, లేకపోతే బట్టలు కాలతాయి. బరువు వస్తువులు అడుగున, బండికి దగ్గరగా ఉండాలి. బిందె చంకనెత్తుకుని నడిచిన ఏ ఆడమనిషికైనా ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు!

"అత్తా, మూత దగ్గర్నించి నీళ్ళు దిగుతున్నాయి" అన్నాడు మావాడు, బకెట్టుతో పోసి పరీక్షచేసుకుని. కుక్కరు మూతకి గాస్కెట్ ఎందుకుంటుందో వాణ్ణే అడిగాను. పాత సైకిలు ట్యూబు పట్టీలుగా కోసి అంచు చుట్టూ అంటించాం. చుక్క దిగలేదు. లోపల బట్టలకి సరిగ్గా పెట్టె కొలతకి రెండు గుడ్డసంచులు కుట్టిచ్చాను. రాత్రి బసలో పెట్టె విప్పక్కర్లేదు, సంచీ ఒక్కటీ తీసుకుపోవచ్చు. ఈ సంచీ ఉపాయం నేను కనిపెట్టిందేమీ కాదు, దూరప్రయాణాలవాళ్ళు వాడుతున్నదే. అల్యూమినియం పెట్టెలైతే అది తప్పనిసరి కూడా. కుదుపులకి రేకు ఒరుసుకుని, తోమిన అల్యూమినియం గిన్నె చేతికంటించే నలుపు ఉంటుంది చూడండి, ఆ నలుపంతా తెల్లబట్టల మీదికి వచ్చేస్తుంది.

అల్యూమినియం పెట్టె అనగానే నాకు ఎల్స్‌పెత్ బియర్డ్ గుర్తొస్తుంది. 1982లో, పాతికేళ్ళయినా నిండని ఈ ఇంగ్లీషు అమ్మాయి, ఆర్కిటెక్చర్ చదువుకుంటూ మధ్యలో ఆపి, 1974 నాటి పాత బి.ఎం.డబ్ల్యూ. బండి మీద ఒంటరిగా ప్రపంచం చుట్టిరావడానికి బయలుదేరింది. మోటారుసైకిలు పత్రికలు పట్టించుకోలేదు. ఆడపిల్ల, ఎక్కడో మధ్యలో వెనక్కి వస్తుందిలే అనుకున్నారేమో. అమెరికా దాటి ఆస్ట్రేలియా చేరేసరికి చేతిలో డబ్బు అయిపోవచ్చింది. సిడ్నీలో నెలల తరబడి ఒక ఆర్కిటెక్టు ఆఫీసులో పనిచేస్తూ, ఒక గరాజులో కాపురం ఉంది. అక్కడే బండికి కావలసిన పెట్టెలు తనే చేసుకుంది. అల్యూమినియం రేకు మడిచి, రివెట్లు కొట్టి, తాళం పడేలా.

తాళం పడేలా అన్నమాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఒంటరిగా పోయే ఆడదానికి తాళం పడే పెట్టె అంటే సామాను పెట్టె ఒక్కటే కాదు. తిండికి ఆగినా, ఆఫీసులో కాగితం కోసం వరసలో నిలబడినా, తన బతుకంతా బయట బండి మీద భద్రంగా ఉందన్న ధైర్యం అది. సింగపూర్‌లో ఆమె పాస్‌పోర్టు, వీసాలు దొంగలపాలయ్యాయి. అవన్నీ మళ్ళీ సంపాదించుకోవడానికి ఆరు వారాలు పట్టింది. థాయ్‌లాండ్‌లో కుక్క అడ్డం వచ్చి పడిపోతే, ఒక పేద కుటుంబం చేరదీసి సాకింది. కోలుకుని, పెనాంగ్ నుంచి ఓడలో మద్రాసులో దిగింది. అక్కణ్ణించి కాఠ్‌మాండూ, ఆ తర్వాత 1984లో అట్టుడికిపోతున్న పంజాబ్ మీదుగా ఇంటిదారి పట్టింది. దాదాపు 56,000 కిలోమీటర్లు తిరిగి ఇల్లు చేరితే, ఎలా వెళ్ళావని కూర్చోబెట్టి అడిగినవాళ్ళు లేరు. తన కథ పుస్తకంగా వచ్చేసరికి 2017 అయింది.

అంత దూరం ఎందుకు, మన రోడ్ల మీదే చూడండి. తెల్లవారుజామున రాజ్‌దూత్ మోటారుసైకిలుకి అటూ ఇటూ పాలక్యాన్లు తగిలించుకుని వచ్చే పాలవాళ్ళని చూసి పెరిగినవాళ్ళం. 1980లో టి.వి.యస్. 50 వచ్చాక అది ఊరూరా పెరికెద్దయిపోయింది. కూరగాయలు, కోళ్ళబుట్టలు, మంచుగడ్డల పెట్టెలు, స్టీలుగిన్నెల మూటలు, అది మోయని సరుకు లేదు.

నా చిన్నప్పుడు మా అమ్మమ్మగారి ఊళ్ళో ఒకావిడ ఉండేది. అందరం పిన్నిగారూ అనేవాళ్ళం. భర్త పోయాక ఇద్దరాడపిల్లలతో మిగిలింది. పచ్చళ్ళు, అప్పడాలు, వడియాలు చేసి చుట్టుపక్కల ఊళ్ళలో అమ్మేది. మొదట్లో తలమీద బుట్టతో బస్సెక్కేది. బస్సు రాని రోజు అమ్మకం లేదు, అమ్మకం లేని రోజు పొయ్యి లేదు. తమ్ముడు పాతబడ్డ టి.వి.యస్. బండి వదిలేస్తే అది నేర్చుకుంది. మాట్లు వేసే సాయిబు చేత 15 కిలోల పామాయిల్ డబ్బాలు రెండు కోయించి, మూతలకి కీళ్ళు పెట్టించి, వెనక చక్రానికి రెండు పక్కలా కట్టించుకుంది. పచ్చడి జాడీలు రెండు డబ్బాల్లోనూ సమానంగా అడుగున, అప్పడాలూ వడియాలూ పైన. ఒక డబ్బాలోంచి ఒక జాడీ అమ్ముడైతే, తర్వాతి జాడీ రెండో డబ్బాలోంచి తీసి అమ్మేది, బండి ఒరగకుండా. "ఆడది, అలా డబ్బాలు కట్టుకుని బండిమీదా!" అని అరుగుల మీద నవ్వినవాళ్ళు ఉన్నారు. ఆ నవ్వులు ఆవిడకి వినపడలేదో, విననట్టు పోయిందో గాని, డబ్బాలు మాత్రం రోజూ నిండుగా వెళ్ళి ఖాళీగా వచ్చేవి. ఆడపిల్లలిద్దరూ చదువుకున్నారు.

ఆవిడ పోయాక డబ్బాలేమయ్యాయని మొన్నామధ్య పెద్దమ్మాయిని అడిగాను. తుప్పుపట్టిపోయాయని పాతసామాన్లవాడికి ఇచ్చేశారట. కిలోల లెక్కన తూచి తీసుకుపోయాడు. ఎంతిచ్చాడో కూడా గుర్తులేదంది. జెర్రీకానుకి సైనిక మ్యూజియాల్లో అద్దాల బీరువాల్లో చోటుంది. ఇంజన్లకి మ్యూజియాలే ఉన్నాయి. పిన్నిగారి డబ్బాకి ఫొటో కూడా లేదు. నేను ఈ నాలుగు మాటలూ రాయడానికి అదొక కారణం.

మీ ఇంట్లోనూ ఇలాంటి డబ్బా ఏదో ఉండే ఉంటుంది. ఏదో ఒకందుకు పుట్టి, ఇంకొకందుకు పనికొచ్చి, ఒక సంసారాన్ని ఒడ్డుకి చేర్చింది. పాతసామాన్లవాడు కేకవేసినప్పుడు ఇవ్వొద్దనను. ఇల్లన్నాక చోటు కావాలి కదా. కాకపోతే తక్కెట్లో పెట్టేముందు అది ఏమేం మోసిందో పిల్లల్ని పిలిచి ఒక్కసారి చెప్పండి.